రెండు పలకల పడవ

భూపాలపల్లి నుంచి కాళేశ్వరం వెళ్లే బస్సులో పక్క సీటు మీద నా సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ వచ్చి మాటలు కలపకుండా అది నా ఉపాయం. అయినా ఒక ముసలాయన, "సంచి జర తీస్తవా సారూ" అంటూ కూర్చుని, నేను అడగకుండానే ఫోన్లో రెండు ఫొటోలు చూపించాడు. గోదావరి ఒడ్డున అమ్మకానికి పెట్టిన రెండు పాత పడవలు.

"ఒడ్డు మీదనే లోపట నీళ్లు పోసి చూసిన. కింద ఏడ తడి కానరాలే. రెండూ మంచిగనే ఉన్నయి. ఏది కొనమంటవు?"

ఒకటి పెద్దది. కూర్చోవడానికి రెండు పలకలున్నాయి. చిన్నదానికి ఒకటే పలక.

"చేపలకు ఎంతమంది పోతరు తాతా?"

"ఒక్కన్నే."

"అయితే చిన్నది చాలు" అన్నాను, మాట తెగిపోతుందని.

"చిన్నదైతే అల్కగ నడుస్తది, నాకూ ఎరుకే" అన్నాడాయన. "ముప్ఫై ఏండ్లు మా ఇంటామె తెడ్డేసింది, నేను వలేసిన. నిరుడు పోయింది. చిన్నదాంట్ల ఆమె కూసునే జాగ లేదు."

పెద్ద పడవ ఫొటోలో రెండో పలక మీద బొటనవేలు పెట్టాడు. ఫోన్ ఆరిపోయినా వేలు తీయలేదు.

మహాదేవపూర్‌లో దిగిపోయాడు. ఏది కొన్నాడో తెలియదు. సంచి మళ్లీ ఆ సీటు మీద పెట్టబోయి, ఎందుకో ఒళ్లోనే ఉంచుకున్నాను. కాళేశ్వరం దాకా ఎవరూ వచ్చి కూర్చోలేదు.