ఆరో లాప్‌లో బెరిల్ చూసింది

బెరిల్ పాలిస్టర్ కక్షకొద్దీ డెస్ ఓడ్లింగ్ గెలుపు లాగేసుకుందని స్కార్‌బీ కార్ల రేసు ట్రాక్ టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. వయసులో ఉన్నప్పుడు ఆమెను కాదని డెస్ ఇంకొకామెను చేసుకున్నాడట, అది మనసులో పెట్టుకుందట. ఉత్త మాట. వాళ్లిద్దరి మధ్యా ఉన్నదల్లా ఒక బన్ను. రేసు ఉన్న ప్రతి ఆదివారం పొద్దున్నే డెస్ వేడి బేకన్ బన్ను కాగితంలో చుట్టుకుని, ట్రాక్ మీది గొర్రెల దొడ్డి మలుపు దాకా నడిచొచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఇరవై రెండేళ్లు అలాగే. ఆమె లేనిది రాసిందన్నదీ అబద్ధమే. రాసింది ఉన్నదే. తప్పు జరిగింది వేరేచోట.

బెరిల్ బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారాలు ఆరెంజ్ రంగు తొడుగు వేసుకుని, ఆ మలుపు దగ్గర కంచె వెనక నిలబడి, ట్రాక్ అంచు తెల్లగీత దాటిన కార్ల నంబర్లు రాసేది. జీతం లేదు. పెన్సిల్‌తోనే రాసేది, పెన్నయితే వానకి సిరా కారిపోతుందని. గీత దాటారా లేదా అన్నదాంట్లో ఆమె మాటే ఆఖరు. దానిమీద అప్పీలు లేదు.

డెస్ ఇళ్లకు పెంకులు వేసే మనిషి. చిన్న ఎర్రకారు, నంబరు నలభై ఏడు. రెండుసార్లు రెండో స్థానం వచ్చింది, గెలవడం ఎన్నడూ లేదు. ఎడమకంటి చూపు తగ్గిందని ఆ అక్టోబరులో డాక్టరు ఇక లైసెన్సు కుదరదన్నాడు. ఆ నెల రేసే అతనికి ఆఖరిది.

"ఇవాళైనా నన్ను వదిలేస్తావా తల్లీ?" అన్నాడు బన్ను ఇస్తూ.

"గీత లోపల ఉండు, నీ మొహం కూడా చూడను. ఏంటిది, సాస్ ఇంతేనా?"

"నీ ఒంటికి మంచిది కాదని తగ్గించమన్నారు కదా!"

"నీ ఒంటికన్ను సంగతి చూసుకో ముందు. వెళ్లు, కారు నీకోసం ఏడుస్తోంది."

రేసు పది లాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ పదిసార్లు. ఆరో లాప్‌లో మలుపులోకి ముందు లూస్బీ అనే డ్రైవరు నీలంకారు, దాని పక్కనే ఎర్రకారు వచ్చాయి. లూస్బీ కాస్త బయటికి, డెస్ మీదికి జరిగాడు. డెస్ నాలుగు చక్రాలూ తెల్లగీత దాటి గడ్డి మీదికెళ్లాయి. బురద చిమ్ముకుంటూ తిరిగొచ్చేసరికి ఎర్రకారు ముందుంది.

బెరిల్ రాసింది. నలభై ఏడు, ఆరో లాప్, నాలుగు చక్రాలు, స్థానం దక్కింది.

అలా దక్కిన స్థానం తిరిగిచ్చేయాలి. మలుపు నుంచి రేడియోలో చెబితే, ఆ నంబరు రేసు మొదలయ్యే గీత దగ్గర బోర్డు మీద చూపిస్తారు. డ్రైవరు వెనక్కి తగ్గి, దమ్ముంటే మళ్లీ దాటుకుంటాడు. ఇవ్వకపోతే చివర్లో పది సెకన్లు కలుపుతారు. ఇంకెవరైనా అయితే బెరిల్ అప్పుడే రేడియో నొక్కేది. ఇది డెస్. తనంతట తనే ఇచ్చేస్తాడేమో, ఒక్క లాప్ చూద్దాం అనుకుంది. ఏడో లాప్ వెళ్లింది. ఎనిమిదిలో వేలు రేడియో మీదే ఉంది. తొమ్మిదిలోనూ అక్కడే ఉంది. పదో లాప్‌లో నొక్కింది.

"ఆరో లాప్‌దా?" అన్నాడు అవతలి మనిషి. "ఇప్పుడు బోర్డు పెట్టి ఎవరికి చూపించనమ్మా? జెండా ఊపేస్తున్నారు!"

గెలిచిన డెస్ నెమ్మదిగా ఆఖరి చుట్టు తిరుగుతూ ఆ మలుపులో రెండు చేతులూ పైకెత్తి ఆమెకు ఊపాడు. అందరితోపాటు బెరిల్ కూడా చప్పట్లు కొట్టింది. పెన్సిల్ ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

పది సెకన్లు కలిపితే డెస్ అయిదో స్థానానికి పడిపోయాడు. క్లబ్బు హాల్లో గొడవైంది.

"లూస్బీ నెట్టాడండీ! గడ్డి మీదికి పోక గాల్లో ఎగురుతాడా?" అన్నాడు డెస్ వైపు వాళ్లలో ఒకడు.

"నెట్టినవాడి సంగతి విడిగా చూస్తాం," అన్నాడు రేసు అధికారి. "గడ్డి మీద దొరికిన స్థానం మాత్రం ఇచ్చేయాల్సిందే."

డెస్ ఒక్కటే అడిగాడు. "ఎవరు రాశారు?"

"బెరిల్."

"అయితే నిజమే," అని హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మాటే బెరిల్‌ను తినేసింది. రెండు వారాలు ఓర్చుకుని, ఒకరోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లింది. షెడ్డు ఖాళీగా ఉంది, కారు అమ్మేశాడు. టీ పెడుతూ డెస్సే ఆమెను ఊరడించాడు.

"ఎవరో ఒకరు రాయాలి కదా. నువ్వు రాశావు, అదే నయం. ఇంకొకడైతే నమ్మేవాణ్ణి కాదు."

"డెస్, నేను ఆరులోనే చూశాను. చెప్పింది పదిలో."

అతను కెటిల్ కింద పెట్టాడు.

"నాలుగు లాప్‌లా?"

"నీకోసమే ఆగాను."

"నాలుగు లాప్‌లుంటే వాణ్ణి మళ్లీ దాటేవాణ్ణి బెరిల్," అన్నాడు మెల్లగా. "గీత లోపలే దాటేవాణ్ణి."

టీ పోయలేదు. గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. బయట వాన.

శిక్ష న్యాయమా కాదా అని మనవాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. వేళకు చెప్పి ఉంటే న్యాయమే అయ్యేదని బెరిల్‌కు తెలుసు. అప్పటి నుంచి ఆమె మలుపుకు రాలేదు. ఆరెంజ్ తొడుగు ఉతికి, మడతపెట్టి క్లబ్బుకు పంపించేసింది. ఆదివారాలు కర్టెన్లు తీయదు.

మీలో ఎవరైనా బెరిల్ ఉండే చాపెల్ వీధి వైపు వెళ్తే ఒకసారి ఆమెను చూసి రండి. ముందు తలుపు గంట పనిచేయదు, వెనక తలుపు కొట్టండి. బాగానే ఉన్నానంటుంది, నమ్మకండి. కాసేపు కూర్చోండి. బన్ను మాత్రం తీసుకెళ్లకండి.