ఊ కొట్టనిచ్చే గొంతు

కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు నన్ను బోర్లా పడుకోమన్నారు. కుడికంట్లో లోపలి పొర ఊడిపోతే అతికించి, అది కదలకుండా గాలి బుడగ పెట్టారట. ఆ బుడగ తన పని తను చెయ్యాలంటే నా మొహం నేలవైపే ఉండాలి. తినేటప్పుడూ, బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడూ కూడా తల ఎత్తకూడదు. పెళ్ళిచూపుల్లో కూడా నేనంత బుద్ధిగా తల వంచుకోలేదు. చూపు ఎంతవరకూ తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. నా ఎడమకన్ను చిన్నప్పట్నుంచీ పేరుకే కన్ను. ఈ కుడిది కూడా పోతే నాకిక పుస్తకం లేనట్టే. పుస్తకం లేకుండా ఎలా బతకాలో నాకు తెలియదు. చాలా భయపడ్డాను.

మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేస్తారు. ఇల్లు కూర్మన్నపాలెంలో. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ నా ఫోన్లో ఆడియో నవలలు వేసి, "విను, పొద్దుపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయారు. నాకు కాపలా ఆయన తల్లి, మా అత్త. ఎలమంచిలి దగ్గర పల్లెలో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. అక్షరమ్ముక్క రాదు, మాటకు మాత్రం కరువు లేదు.

మొదటి నవల చదివినాయనది దువ్వాడ స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు. కథలో తల్లి చచ్చిపోయింది. ఆ ముక్క కూడా ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టే చెప్పాడు. రెండో నవలకి సంగీతం పెట్టారు. ఎవరు తలుపు తీసినా వీణ, మూసినా వయొలిన్. కోతికి కొబ్బరికాయ దొరికితే అంతే. మూడో ఆయనకి తన గొంతంటే తనకే మహా ముద్దు. ఆడవాళ్ళ మాటలొస్తే గొంతు సన్నం చేసి సాగదీసేవాడు. అసలే మెడ నొప్పితో చస్తుంటే, గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇవన్నీ ఎలాగో సహించాను. సహించలేనిది ఒకటి జరిగింది. ఆ మూడో నవలలో మావైపు జాలరి ఒకడున్నాడు. వేటకెళ్ళిన తమ్ముడు తిరిగి రాలేదని ఒడ్డున కూలబడి ఏడుస్తాడు. చదివేవాడు ఆ ఏడుపుని సినిమాలో జోకరు మాట్లాడినట్టు చదివాడు. మా యాస కనబడితే చాలు, జనాన్ని నవ్వించాలనుకుంటారు వీళ్ళు. నాకు ఒళ్ళు మండింది. అత్తకి నాకంటే ఎక్కువ మండింది.

"ఏటీడు? తమ్ముడు పోయి ఆడేడుత్తంటే ఈడికి నవ్వులాటేటి? ఆపీయే అమ్మీ!"

ఆపేశాను. ఆ తర్వాత దొరికింది ఒకావిడ గొంతు. తీపీ కాదు, గంభీరమూ కాదు. పక్కింటావిడ వచ్చి పీట మీద కూర్చుని చెబుతున్నట్టుంది. వాక్యం అయ్యాక కాస్త ఆగేది. ఆ ఆగినచోట అత్త "ఊ" అంది. నేను ఉలిక్కిపడ్డాను. ఇంకో వాక్యం, ఇంకో ఊ. ముందు ముగ్గురికీ అత్త ఒక్కసారి కూడా ఊ కొట్టలేదని అప్పుడు తట్టింది. వాళ్ళు కొట్టనిస్తేగా! ఉచ్చారణ, భావం, స్వరం అని తెలిసినవాళ్ళు ఏమన్నా అననీ, వినేవాళ్ళు ఊ కొట్టడానికి చోటిచ్చినవాళ్ళే నా దృష్టిలో చదవడం వచ్చినవాళ్ళు. నేను కూడా తలగడలోకి ఊ కొట్టడం మొదలుపెట్టాను. ఎడమకంటికి మసగ్గా గచ్చూ, అత్త పాదాలూ తప్ప ఏమీ కనిపించని ఆ రోజుల్లో, పక్కన ఆ ఊ వినబడుతుంటే ధైర్యంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం వింటూ వింటూ కునుకు తీశాను. లేచేసరికి గదిలో కథ లేదు. వంటింట్లోంచి మాత్రం కథ చదివే ఆవిడ గొంతు, నోటికి గుడ్డ కట్టినట్టు వినిపిస్తోంది.

"ఫోనేదత్తా?"

"బియ్యం డబ్బాలో ఎట్టీసినాను."

"బియ్యం డబ్బాలోనా?"

"నువ్వు ఊ కొట్టడం మానీసినావు. ఊ నేకపోతే కత ఆపీయాల. మా యమ్మ అలాగే ఆపీసీది. ఈవిడ ఆగమంటే ఆగదు. నానేటి సేత్తాను? మూతెట్టీసినాను."

"పోనీ, నువ్వు వినొచ్చు కదా!"

"నిన్నొగ్గీసి నానొక్కదాన్నీ ఇనీత్తానేటే?"

నవ్వాపుకోలేకపోయాను. తల కదిలిందేమో, కన్నేమైపోతుందోనని భయపడుతూనే నవ్వాను. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు. అత్త బియ్యం దులిపి ఫోన్ తెచ్చి ఇచ్చింది. ఇద్దరం వదిలేసినచోట్నుంచి విన్నాం.

తల ఎత్తొచ్చన్నాక కూడా బుడగ కరగడానికి వారాలు పట్టింది. గిన్నెలో నీళ్ళు కదిలినట్టు కంట్లో ఒక గీత ఊగేది. దానిపైన రోజూ కాస్త కాస్త లోకం కనబడేది. ముందు ఫ్యాను, తర్వాత తలుపు పైభాగం, తర్వాత అత్త మొహం. చివరికి ఆసుపత్రిలో చార్టు చదవమంటే ఆగి ఆగి చిన్న వరుసల దాకా చదివాను. "ఇక పుస్తకాలు చదువుకోండమ్మా" అన్నారు డాక్టరుగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే, అందరి ముందూ, కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పులు విడిచీ విడవకుండానే బీరువాలోంచి ఓ నవల తీశాను. అక్షరాలు నల్లగా, నిటారుగా నిలబడ్డాయి. కొత్త కథల పుస్తకం దొరికిన పిల్లలా ఒక పేజీ, ఇంకో పేజీ, మరో పేజీ చదువుకుపోయాను. అత్త వచ్చి పక్కన కూర్చున్న సంగతి తెలుసు. ఆవిడ కాళ్ళు చాపుకుంది, చీర కొంగు సర్దుకుంది.

"ఏటత్తా?" అన్నాను తలెత్తి.

"ఏటీ నేదు. నీకు కన్నొచ్చింది, నాకు సంతోసమే. మరి నా సెవులేటి పాపం సేసినాయే?"

పేజీలు వెనక్కి తిప్పి, మొదటి వాక్యం పైకి చదివాను.