నందిగామలో నేను పట్టుకున్న దొంగలు

మా బావ పురుగుమందుల షాపు మూతపడడం పూర్తిగా అధికారుల పనేనని జగ్గయ్యపేటలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. పాపం, వాళ్లు చేసింది సగమే. మిగిలిన సగం నేను పూర్తిచేశాను. ఎవరూ అడక్కుండానే, సొంత పెట్రోలు పోసుకుని మరీ.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. రోజూ ప్రసాద్ బావ షాపులో కూర్చుని వచ్చేపోయే రైతులకు ఉచిత సలహాలిచ్చి, మధ్యాహ్నం సువార్త అక్క చేతి భోజనం చేసేవాణ్ణి. వాళ్లకోసం ఏదైనా ఒక ఘనకార్యం చేసే అవకాశం ఇమ్మని చర్చిలో ప్రార్థన కూడా చేసుకునేవాణ్ణి. అలాంటి ప్రార్థనలు చేసేటప్పుడు కాస్త వివరంగా చేసుకోవాలని నాకు తెలియదు.

ఒకరోజు భోంచేసి షాపుకు తిరిగొచ్చేసరికి, ముక్కూమొహం తెలియని మనుషులు వెనకగదిలోంచి మందు పెట్టెలు మోసుకొచ్చి వ్యానులో పెడుతున్నారు. బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు, రెండు పక్కలా ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఫోను మోగుతున్నా బావ తియ్యడం లేదు. నన్ను చూడగానే, వాళ్లకు కనపడకుండా చెయ్యి విసిరాడు. ఇక్కడినుంచి వెళ్లిపొమ్మని ఆయన భావం. వెంటపడి పట్టుకోమని నాకర్థమైంది.

అంతలో వ్యాను కదిలింది. పట్టపగలు, నడిబజారులో దోపిడీ. బావను బందీగా పట్టుకుని మరీ సరుకు ఎత్తుకుపోతున్నారు. నేను బండి తిప్పాను.

హైవే మీద సిమెంటు లారీల వెనక దుమ్ము మింగుతూ, నందిగామ చేరేసరికి బూడిదగుమ్మడికాయలా తయారయ్యాను. అయినా మనసులో మాత్రం ఒకటే సంబరం. ఆదివారం పాస్టరుగారు నా పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లిస్తారు, అక్క కోడికూర వండుతుంది, బావ జీవితాంతం నాకు లొంగి ఉంటాడు. ఇన్ని ఆలోచనల మధ్య, దొంగలు టీ తాగడానికి రోడ్డు పక్కన తీరిగ్గా ఆగుతారా అన్న చిన్న అనుమానం నాకు రాలేదు. వాళ్లు మాత్రం నందిగామలో టీకొట్టు ముందు నిజంగానే ఆగారు.

వ్యానుకు అడ్డంగా బండి పెట్టి, పోలీసులకు ఫోన్ చేసి, దొంగలు దొంగలని అరిచాను. క్షణాల్లో జనం మూగారు. వ్యానులోంచి దిగిన వాళ్లలో పెద్దాయన, నెరిసిన మీసాల మనిషి, ఏమాత్రం కంగారు పడకుండా నన్ను ఎగాదిగా చూశాడు. ఆ నిబ్బరం చూసి, ఆరితేరిన ముఠా అనుకున్నాను.

"ఎవరు బాబూ నువ్వు? ఈ సరుకు ఎవరిదో నీకు తెలుసా?" అన్నాడు.

"తెలియకపోవడమేంటండీ, మా బావది. వెనకగదిలోకి దింపినప్పుడు నేనే దగ్గరుండి పెట్టించా."

ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది. ఎవరు తెచ్చి ఇచ్చారని అడిగాడు. పేరు, ఊరు, ఆ మనిషి ఎక్కివచ్చిన కారు రంగు కూడా చెప్పాను. బిల్లు ఉందా అన్నాడు. బిల్లు లేదు కాబట్టే అంత చవగ్గా ఇచ్చాడని, మా బావ వ్యాపారంలో అంత గట్టివాడని గర్వంగా చెప్పాను.

"ఇంకోసారి చెప్పు బాబూ, ఫోన్లో రికార్డు చేసుకుంటాం."

జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, మొదటినుంచీ చెప్పాను. ఆలోపు వచ్చిన కానిస్టేబులును కూడా శ్రద్ధగా వినమన్నాను. అంతా అయ్యాక పెద్దాయన కానిస్టేబులుకు తన గుర్తింపు కార్డు చూపించాడు. వ్యవసాయ శాఖ. పేరున్న కంపెనీ మందులకు నకిలీలు అమ్ముతున్నారని ఫిర్యాదు వస్తే తనిఖీకి వచ్చారట. తర్వాత ఆయన షాపులో ఉన్న తన మనిషికి ఫోన్ చేశాడు. ఆ గది వేరేవాళ్లకు అద్దెకిచ్చానని, అందులో ఏముందో తనకు తెలియదని బావ అప్పటిదాకా ఒట్టేసి చెబుతున్నాడట.

"ఇక ఆయన్ని కష్టపెట్టకండి. బామ్మర్ది అంతా చెప్పాడు" అన్నాడు పెద్దాయన. నాక్కూడా ఒక టీ చెప్పాడు. జీవితంలో అంత చేదు టీ తాగలేదు.

లైసెన్సు పోయింది. కేసయింది. బావ నాతో మాట్లాడడం మానేశాడు, నేను వాళ్లింటి వీధిలోకి వెళ్లడం మానేశాను. ఆ చవక మందులు నకిలీవని బావకు తెలియదు. అనుమానం మాత్రం ఉంది, అడగలేదు. ఫిర్యాదు చేసింది వత్సవాయి రైతు వెంకటేశ్వర్లుగారని తర్వాత తెలిసింది. మా షాపు మందే మళ్లీమళ్లీ కొట్టినా ఆయన మిరపచేను ముడతపడి పోయింది. నేను వెళ్లి చూశాను. నన్ను గుర్తుపట్టి ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. "మోతాదు పెంచి కొట్టమని నువ్వే చెప్పావు కదయ్యా" అన్నారంతే. చెప్పాను నిజమే.

ఆ సాయంత్రమే ధైర్యం చేసి అక్క దగ్గరికి వెళ్లి, క్షమించమన్నాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూనే వింది.

"నిజం చెప్పావని నాకు కోపం లేదురా. తెలిసి చెప్పుంటే, మా తమ్ముడు నిజాయితీపరుడని నలుగురికీ చెప్పుకునేదాన్ని. నువ్వు దాన్ని కూడా పొరపాటున చెప్పావు" అంది.

అందుకే ఆ రోజే అక్క వంటింట్లో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ దొంగనూ పట్టుకోను. మరీ తప్పనిసరై పట్టుకోవలసి వస్తే, ముందు గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడుగుతాను.