భూనాదానికి సాక్షి

రామనర్సయ్యను స్టేజీ ఎక్కించి శాలువా కప్పినవాళ్లు ఆయన్ని మా దవాఖాన వరండాలో ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే, ప్రతి చలికాలం దగ్గు మందు కోసం గొంగడి కప్పుకొని గోడవారన కూర్చునే మనిషిని పట్టుకొని ‘జన్మలో జబ్బెరగడు’ అని మైకులో చెప్పడానికి కొంచెమైనా సిగ్గుపడేవారు. ఆ మందు సీసా ఇచ్చేదాన్ని నేనే. నా పేరు సుజాత. కోదాడ నుంచి రోజూ బస్సెక్కి నడిగూడెం వెళ్లి నర్సు ఉద్యోగం చేసేదాన్ని. ఊళ్లో అందరికీ సిస్టరమ్మను.

రామనర్సయ్యది తాతలనాటి గొర్రెల మంద. వరికోతలు అయ్యాక రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో మందను ఆపించుకునేవారు. అట్లా ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తోలుకుంటూ నేరేడుచర్ల దాటి, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దాకా పోయేవాడు. మంద ఆగిన చోటే ఆయన నిద్ర. ఏడాదిలో సగం రోజులు ఆయన వీపుకు నేల తప్ప మంచం తెలియదు. ఆయన అన్న కొడుకు శ్రీహరి ఉద్యోగం వచ్చాక ఊళ్లో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. చిన్నాయన వస్తే కొత్త సోఫాకు గొర్రె వాసన పట్టుకుంటుందని నవ్వుతూనే అనేవాడు. రామనర్సయ్య కూడా నవ్వి గడప దగ్గరే కూర్చునేవాడు. ఆ నవ్వు ఆయన్ని ఎంత లోతున కోసిందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఆయనకూ భార్య మైసమ్మకూ ఒక్కతే బిడ్డ, ఉమ. ఏడో తరగతిలో ఉండగా బడిలో ప్రార్థన చేస్తూ చేస్తూ కిందపడి కొట్టుకుంది. అక్కడున్నవాళ్లు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టారు. మూడోసారి పడ్డాక నేనే గట్టిగా కేకలేసి తల్లిదండ్రులను సూర్యాపేటలో మెదడు డాక్టరు దగ్గరికి బయలుదేరదీశాను. అది రెండు వేల మూడో సంవత్సరం. తలకు నూనె పెట్టొద్దని ముందే చెప్పినా, పట్నం పోతున్నామని మైసమ్మ బిడ్డకు నూనె కారేలా రాసి రెండు జడలు వేసింది. మెదడు పరీక్ష చేసే యంత్రం తీగలు తలకు అంటుకోలేదు. ఆసుపత్రి నల్లా కింద సబ్బుతో తల రుద్ది, ఆరబెట్టి, మళ్లీ తీసుకెళ్లాం.

యంత్రం కాగితం మీద గీతలు గీసింది. డాక్టరు ఓపికున్న మనిషి. మెదడులో కణాలన్నీ దేని పని అది చేసుకుంటాయనీ, కళ్లు మూసుకొని నెమ్మదిగా ఉన్నప్పుడు సెకనుకు ఎనిమిది, పది అలల్లాగా వస్తాయనీ చూపించాడు. ఆ తర్వాత ఒకచోట వేలు పెట్టాడు. అక్కడ గీతలన్నీ ఒక్కసారిగా నిట్టనిలువునా లేచి, ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. అదే మూర్ఛ అన్నాడు. మైసమ్మకు అర్థం కాలేదు. రామనర్సయ్యకు అయింది.

“మంద బెదిరినట్టు గదా సారూ,” అన్నాడు. “ఒక్కటి ఉరికితె ఎందుకు ఉరుకుతున్నయో తెల్వకుండనే అన్నీ ఉరుకుతయ్.”

డాక్టరు ఆయన భుజం తట్టాడు. మాత్రలు రోజూ వేయాలి, అడగకుండా ఆపకూడదు, పిల్లను ఒంటరిగా నీళ్లలోకీ నిప్పు దగ్గరికీ పంపకూడదు అని ముగ్గురికీ చెప్పాడు. ఉమ మాత్రలు వేసుకుంది. ఏళ్ల తరబడి మూర్ఛ రాలేదు. అయితే ఆ మందుకు చిగుళ్లు వాచి పళ్ల మీదికి దిగాయి. నవ్వు వస్తే అరచేయి నోటికి అడ్డం పెట్టుకునేది. కోదాడలో ఇంటర్ చదివే వయసులో ఆడపిల్లకు అది చిన్న బాధ కాదు. మందు మార్పిద్దాం, ఇంకోటి ఉంటుంది, సూర్యాపేట పోదామని నేను చెబుతూనే ఉన్నాను. మంద వాడపల్లిలో ఉందనో, కోతలనో, వాళ్లు రేపు మాపు అంటూ నెట్టుకొచ్చారు.

ఇంతలో తులసీరాం దిగాడు. అంతకుముందు పురుగుమందుల కంపెనీ తరఫున పొలాల వెంట తిరిగినవాడు. రెండు వేల ఎనిమిదిలో ‘భూనాదం’ అనే చాపలు అమ్మడం మొదలుపెట్టాడు. రాగితీగ అల్లిన చాప, దానికో నల్లడబ్బా. కోదాడలో ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకొని మీటింగులు పెట్టేవాడు. ఆకాశంలో మెరుపులు మెరిసినప్పుడల్లా భూమికీ పై గాలి పొరకూ నడుమ ఒక అల పుడుతుంది, అది సెకనుకు ఎనిమిదిసార్లు కొట్టుకుంటుంది, మన మెదడుదీ అదే తాళం, సిమెంటు ఇళ్లూ చెప్పులూ సెల్ టవర్లూ ఆ తాళాన్ని తెంపేశాయి, అందుకే షుగరూ బీపీ ఫిట్సూ అని చెప్పేవాడు. తర్వాత నేను సూర్యాపేట డాక్టరును అడిగాను. అల ఉన్న మాట నిజమేనట. కానీ గదిలో ఫ్యాను తీగ నుంచి వచ్చేదే దానికి వేల రెట్లు ఎక్కువట, అది రోగం కుదిర్చినట్టు ఎవరూ చూపించలేదట. నిజాన్ని గుమ్మంలో నిలబెట్టి వెనక నుంచి అబద్ధాన్ని ఇంట్లోకి తోలే నేర్పు తులసీరాంది.

ఆ మనిషి కోదాడ రోడ్డు పక్కన పొలంలో మంద దగ్గర పడుకొని ఉన్న రామనర్సయ్యను చూశాడు. కారు ఆపి దిగి, చెప్పులు విడిచి, ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

“అన్నయ్యా, నీలాంటి వాళ్ల కోసం శాస్త్రవేత్తలు దేశాలు తిరుగుతున్నారు. భూమి తాళం నీ ఒంట్లో ఉంది,” అన్నాడు.

వారం తిరక్కుండా రామనర్సయ్య స్టేజీ మీద కుర్చీలో ఉన్నాడు. ఆయన చేత పెద్దగా మాట్లాడించేవారు కాదు. నేల మీద పడుకుంటానని, ఒంట్లో బాగుంటుందని చెబితే చాలు, కింద చప్పట్లు. ఆ చప్పట్లలో శ్రీహరి కూడా ఉన్నాడు. ఆ రోజు చిన్నాయనను తన బండి మీద ఎక్కించుకొని ఊరికి తీసుకొచ్చాడట. గొంగడి ఉన్ని కూడా భూమి అలకు అడ్డమని తులసీరాం అంటే, తాత వాడిన గొంగడి మడిచి పక్కన పెట్టి వట్టి మట్టి మీద పడుకోవడం మొదలుపెట్టాడు రామనర్సయ్య. దగ్గు ఎక్కువై నా దగ్గరికి వస్తే, ఆ పిచ్చి మానుకోమని కడిగేశాను. మందు సీసా పైపంచెలో దాచుకొని వెళ్లిపోయాడు.

బిడ్డ విషయం ఆయనే ఎత్తాడో తులసీరామే తవ్వి తీశాడో నాకు తెలియదు. ఆ డిసెంబరులో కోతలు కాగానే ఉమను మంద దగ్గర పడుకోబెట్టారు. మాత్రలు భూమి తాళానికి అడ్డం పడతాయని ఆపేశారు. ఉమ కాదనలేదు. ఆ మాత్రలంటే ఆ పిల్లకు ఎంత కసో చిగుళ్లు చూసిన నాకు తెలుసు. మైసమ్మ ఒక్కతే కొట్లాడింది. ఏడుస్తూ నన్ను పిలుచుకొచ్చింది. డాక్టరు గీతలు చూపించిన రోజు గుర్తుచేసి, అంతా ఒకే తాళంలో కొట్టుకుంటేనే గదా నీ బిడ్డ పడిపోయేది, మంద బెదిరినట్టని నువ్వే గదా అన్నావని నేనెంత చెప్పినా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

“నా బతుకుల నన్ను కుర్చీల కూసోబెట్టినోడు గాయన ఒక్కడే సిస్టరమ్మా,” అన్నాడు చివరికి. “నేల మీద పండెటోన్ని అని అందరు నన్ను నవ్విన్రు. గా నేలనే మందు అంటున్నడు. నా బిడ్డకు నేను గా మందు ఇయ్యొద్దా?”

మందలో పుట్టి పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ ఆ మాట అంత తియ్యగా తగలదు. చదువుకున్నవాళ్లు ఆ చాపను నడుంనొప్పికి కొన్నారు, పనిచేయకపోతే అటక మీద పారేశారు. ఆయన మాత్రం తన బతుకు మొత్తాన్ని ఎవరో వచ్చి సరైనదని చెప్పినట్టు నమ్మాడు. సంతలో జీవాన్ని బేరం చేసినట్టు తులసీరాం ఆయన గౌరవాన్ని బేరం చేశాడని నేననుకుంటాను.

ఒక నెల దాటింది, మూర్ఛ రాలేదు. మిర్యాలగూడ మీటింగులో ఉమను కూడా స్టేజీ ఎక్కించారు. మా చర్చిలో స్వస్థత పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఆ పిల్ల గొంతు కూడా అచ్చం అట్లాగే వణికిందని వెళ్లివచ్చినవాళ్లు చెప్పారు. నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్విందట. ఆ నవ్వు గురించి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరిలో ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడగాలి. సాగర్ కాలువలో ఒకరు రొమ్ముల లోతు నీళ్లలో నిలబడతారు. గట్టు మీది వాళ్లు ఒక్కో గొర్రెను తోస్తుంటే పట్టుకొని, ఉన్ని పిసికి కడిగి, అవతలి గట్టు వైపు మళ్లిస్తారు. నీళ్లలో ఎప్పుడూ ఇంటి మనిషే నిలబడాలి, పరాయి చేతికి జీవాలు బెదురుతాయి. చిన్నప్పటి నుంచీ ఉమ ఆ చోటు అడుగుతూనే ఉంది, తండ్రి వద్దంటూనే ఉన్నాడు. ఆ రోజు ఒప్పుకున్నాడు. రోగం పోయిన బిడ్డను ఇంకా గట్టు మీద ఎందుకు నిలబెట్టాలి అనుకున్నాడు.

ఉమ మంద సగం దాకా కడిగింది. తర్వాత నీళ్లలో మునిగింది. గొర్రె కోసం మునిగిందనుకున్నారు. గొర్రె ఈదుకుంటూ అవతలి గట్టెక్కింది. అరుపు లేదు, చేతులు పైకెత్తడం లేదు. మూర్ఛ వచ్చినవాళ్లు నీళ్లలో అరవలేరు. రామనర్సయ్య దూకేసరికి కాలువ ఆమెను తూము దాకా లాక్కుపోయింది. బండిలో దవాఖానకు తెచ్చారు. రొమ్ము మీద చేతులు పెట్టి నేను చేయగలిగిందంతా చేశాను. ఉమ అప్పటికే పోయింది.

తులసీరాం పూలదండ పట్టుకొని వచ్చాడు. పదిమందిలో కూర్చొని మెల్లగా చెప్పాడు, నేల మీద ఉన్నంతకాలం పిల్లకు ఏమీ కాలేదనీ, నీళ్లలో దిగాక పాదం నేలను వదిలిందనీ, తాళం తెగిందనీ. అక్కడే చెప్పు తీసుకొని కొట్టి ఉండాల్సింది. శవం ముందని ఆగాను. మైసమ్మ మాత్రం భర్త ముఖంలోకి చూసి, గోలీలు ఆపింది నువ్వేనని అందరి ముందే అంది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. అన్నం వండి కంచం ఆయన ముందు పెట్టి లేచి వెళ్లిపోయేది. వేసవి రాకముందే మందను అమ్మించేసింది.

రామనర్సయ్య మీటింగులకు వెళ్లడం మాత్రం మానలేదు. నీళ్ల వల్లే బిడ్డ పోయిందని స్టేజీ మీద చెబుతున్నాడని విని నాకు మతి పోయింది. మోసపోయినవాడికి ఇంకా తెలియలేదనుకున్నాను. మరుసటి ఏడు మిర్యాలగూడలో మీటింగు ఉందంటే సెలవు పెట్టి వెళ్లాను. హాలు వెనక వంటగది పక్కన ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. శాలువా భుజం మీద ఉంది. నీళ్లు కాదు కారణం, మాత్రలు ఆపడమని, దాచకుండా, మెత్తగా కాకుండా చెప్పేశాను.

“నాకు తెల్వదా సిస్టరమ్మా?” అన్నాడు. “బిడ్డ మునిగిన నాడే తెల్సు. మందను కాసెటోన్ని, నాకు తెల్వకుంటె ఎవరికి తెలుస్తది? గానీ గీ మాట ఇడిసిపెడితె నా బిడ్డను నేనే సంపినట్టయితది. నీళ్లు సంపినయని చెప్తాంటె జర నిద్ర వడ్తది.”

నాకు ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి గంటసేపే నిలిచింది.

ఆయన స్టేజీ మీద మాట్లాడాడు. కన్నీళ్లు నిజమైనవే. హాలంతా ఏడ్చింది. అయిపోయాక ఒకామె చిన్న ఆడపిల్లను చంకనెత్తుకొని ఆయన దగ్గరికి వచ్చింది. పిల్లకు నాలుగైదేళ్లుంటాయి.

“అన్నా, నా బిడ్డకు గూడ ఫిట్స్ వస్తయి. గోలీలు బంద్ చెయ్యాల్నా?” అని అడిగింది.

రామనర్సయ్య పిల్లను చూశాడు. నన్ను చూశాడు. పెదవి కదిలింది. బంద్ చేయొద్దు అనే ఒక్క మాట చాలు, అది ఆయన గొంతు దాకా వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తల దించుకొని శాలువా సర్దుకున్నాడు.

నేను ఆమె చేయి పట్టుకొని బంద్ చేయొద్దని చెప్పాను, నర్సునని చెప్పాను, నీళ్లలో పోయిన పిల్ల సంగతంతా చెప్పాను. ఆమె చేయి విడిపించుకుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషే ఆపొద్దని అనలేదు, నీకెక్కువ తెలుసా అంది. చాపలు అమ్మే బల్ల వైపు వెళ్లి వరసలో నిలబడింది. ఏ ఊరో అడిగితే చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడుందో లేదో నాకు తెలియదు.

ఉమ విషయంలో రామనర్సయ్యను నేను ఎప్పుడో క్షమించాను. నమ్మి చేశాడు. ఆ రెండో పిల్ల దగ్గర మాత్రం అన్నీ తెలిసే నోరు మూసుకున్నాడు.