ఫౌజీ జవాబు

మా గల్లీలో ఆయన్ని అందరం ఫౌజీ అనే పిలుస్తాం. సరిహద్దులో మోకాలు చితికి ఇంటికొచ్చిన మనిషి. మాజీ సైనికులకు సర్కారు ఖర్చుతో కసరత్తు వైద్యం చేసే గది నారాయణఖేడ్ దవాఖానలో తెరిస్తే, తోడుగా నేనే తీసుకుపోయేవాణ్ణి. కాలు లేపమంటే లేపేవాడు. దవడలు బిగుసుకుని, నుదుట చెమట పట్టేది. నొప్పుందా అని డాక్టరు అడిగితే మాత్రం నిటారుగా నిలబడి "ఠీక్ హై సాబ్" అనేవాడు.

"నొప్పైతే నొప్పని చెప్పరాదా?" అని దారిలో కసిరాను.

"సాబ్ అడిగితే గట్లనే చెప్పాలె కాకా. ఇంకో మాట మాకు నేర్పలే."

నయమైందని కసరత్తు ఆపేశారు. ఆ మాట నేర్పిందీ సర్కారే, ఆ మాట పట్టుకుని ఆయన్ని వదిలేసిందీ సర్కారే. చలికాలానికి ఫౌజీ మంచం దిగలేకపోయాడు. ఒళ్ళు మండి, ఆ కసరత్తు వైద్యం మంజూరు చేసే ఆఫీసరు దగ్గరికి పోయాను.

"మంచంల పడ్డడు సార్. మళ్ల మొదలుపెట్టుండ్రి."

"ఆయన్నే అడుగుదాం పెద్దాయనా." ఆఫీసరు ఫోను కలిపి, నాకూ వినబడేలా బల్లమీద పెట్టాడు. "కాలెట్లుంది?"

అవతల మంచం కిర్రుమంది. "మెల్లగ, మెల్లగ" అంటోంది భార్య. సాబ్ గొంతు విని లేవబోతున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు ఫౌజీ," అన్నాను.

"ఠీక్ హై సాబ్."

ఆఫీసరు నా వంక చూసి ఫోను పెట్టేశాడు.