కొంగల వెనక వచ్చిన నీళ్లు

ఇటు జరగండి, నా పక్కకు వచ్చి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. ఎండిన కాల్వలోకి కొత్త నీళ్లు రావడం మీరెప్పుడైనా చూశారా? గట్టు మీద నుంచి అందరూ చూస్తారు. నేను అడుగుతున్నది కాల్వ అడుగున నిలబడి, ఎదురుగా చూశారా అని. మేం చూశాం. అది మొన్నటి శ్రావణం మాట.

మాది కోదాడ వైపు, సాగర్ కాల్వకు చివరి ఆయకట్టు. ఆ ఆదివారం మా అత్త చెల్లెలింట్లో బోనాలు. హుజూర్‌నగర్ తోవలో బస్సు దిగి పొలాలకు అడ్డం పడి నడిస్తే ఆమె ఊరు వస్తుంది. నేను, మా ఆయన, మా అత్త, పదేళ్ల మా బిడ్డ బయల్దేరాం. నా చేతిలో గారెల డబ్బా. అత్త సంచిలో చెల్లెలికి పెట్టే చీర, పసుపు, కుంకుమ.

బస్సు దిగగానే మా ఆయన ఆటో పిలవబోయాడు. అత్త పిలవనిస్తేనా!

"గింత దూరానికి ఆటో ఎందుకురా? కాల్వల పడి పోదాం. సిమెంటు రోడ్డు లెక్క ఉంటది."

కాల్వలో నడవడమేమిటని నవ్వకండి. ఎండాకాలమంతా అందులో చుక్క నీరుండదు. పైన కట్ట నిండా సర్కారు తుమ్మ ముళ్లు. అడుగున మాత్రం మెత్తటి ఇసుక, చల్లటి నీడ. మోకాళ్ల నొప్పుల మా అత్తకు ఎత్తుపల్లాలు లేని తోవ అదొక్కటే.

పైన నీళ్లు వదిలారని మాకు తెలియక కాదు. తెలిసే దిగాం. చివరి ఆయకట్టు వాళ్లకు దేవుడి మీద ఎంత నమ్మకమో, నీళ్లు ఆలస్యంగా వస్తాయన్న దాని మీదా అంతే నమ్మకం. ముందు మిర్యాలగూడ పొలాలు తాగాలి, తర్వాత హుజూర్‌నగర్ పొలాలు తాగాలి, మిగిలితే మాకు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస.

"నీళ్లు మన దాకా రావాల్నంటే ఇంక శానా రోజులు పడతది. మన నసీబే గంత," అన్నాడు మా ఆయన.

రేవు మెట్ల మీదుగా దిగి, ముచ్చట్లు పెట్టుకుంటూ పోతున్నాం. దిగిన మెట్లు ఎప్పుడో వెనకబడ్డాయి. అటూ ఇటూ ఏటవాలు సిమెంటు గోడలు. ముందు కాల్వ వంపు తిరిగే చోట తెల్లటి కొంగలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, మల్లెపూలు చల్లినట్టు.

"నాయినమ్మా, గన్ని కొంగలేంది?" అంది మా బిడ్డ.

"ఎవలో బోరు కింద దమ్ము చేస్తున్నరు బిడ్డా. ట్రాక్టర్ ఎంట పడ్డయి, పురుగుల కోసం."

నేనూ అదే అనుకున్నాను. పొలం దున్నే చోట కొంగలుంటాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూస్తున్నదే కదా.

కానీ ఆ కొంగలు వంపు తిరిగి కాల్వలోకే వచ్చాయి. పెళ్లి ఊరేగింపు ముందు నడిచే పెద్దమనుషుల్లా, పొడుగు కాళ్లు ఎత్తి వేస్తూ మా మీదికే వస్తున్నాయి. వాటి వెనక ఏదో చప్పుడు. ఎండుటాకుల మీద గొర్రెల మంద నడిచినట్టు, గలగల, సరసర. అప్పుడు కనిపించింది.

నీళ్లంటే నీళ్లలా లేవు. ఎండిన తుమ్మాకు, కాయలు, పుల్లలు, తెగిన చెప్పులు, అన్నిటినీ నెట్టుకుంటూ, నురగ కక్కుతూ ఒక గోధుమరంగు నాలుక నేలను నాకుతూ వస్తోంది. పగుళ్లిచ్చిన ఒండ్రు దాన్ని తాగి బుడబుడమంటోంది. దాని ముందు మిడతలు, తేళ్లు, ఎలుకలు పరుగో పరుగు. వాటి కోసమే కొంగలు. ఒక నల్లటి పాము మమ్మల్ని చూసింది, చూసి కూడా పట్టించుకోకుండా గోడెక్కి పోయింది. తొలకరి వాసన గుప్పున కొట్టింది. ప్రాణభయంలో కూడా ఎంత బాగుందో అనుకున్నాను, నిజం.

మా ఆయన బిడ్డను భుజాన వేసుకుని, పాకుతూ గోడెక్కాడు. నేను అత్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె కదిలితేనా! సంచిలో పసుపు పొట్లం వెతుకుతోంది.

"అత్తా, ఉరుకు!"

"ఆగవే. గంగమ్మ ఎదురొస్తుంటే ఈపు సూపుతరా ఎవలన్న?"

మా దిక్కు కొత్త నీళ్లకు పసుపు కుంకుమ వేసి మొక్కాకే ఎవరైనా చెయ్యి తడుపుకుంటారు. కాదనను. కానీ మొక్కేది గట్టు మీద నిలబడి!

"అమ్మా! పైకొచ్చి మొక్కవే!" పై నుంచి మా ఆయన అరుపు.

"ఇన్ని దినాలు ఎదురుసూసి, వచ్చినంక దొంగల లెక్క ఉరుకుడేందిరా!"

పసుపు చల్లింది. కుంకుమ చల్లింది. రెండు చేతులూ జోడించింది. నీళ్లు ఆమె పాదాలు కడిగాయి. మరుక్షణం పిక్కలు, ఆ వెంటనే మోకాళ్లు. అప్పుడు ఆమె ముఖంలో రంగు పోయింది.

"కోడలా, కాళ్ల కింద ఇసుక కొట్టుకపోతున్నదే."

"నన్ను పట్టుకో."

"నాతోని ఎక్కుడు కాదు. నువ్వు పో. నీకు పిల్ల ఉన్నది."

ఏనాడూ ఆమెకు ఎదురు మాట్లాడని నేను ఆ రోజు గద్దించాను. "నోరు మూస్కొని నడువు! నిన్ను ఇడిసిపెట్టి మీ చెల్లె ముంగట గారెల డబ్బా పట్టుకొని నిలవడాల్నా?"

గోడ నున్నగా ఉంది. పట్టు లేదు. నీళ్లు నెట్టిన దిక్కే, గోడను తడుముకుంటూ ఇద్దరం జరిగాం. నడుము దాకా వచ్చింది. అంతలో చేతికి తగిలింది, నల్లటి లావు పైపు. కాల్వ నీళ్లు మోటారుతో గుంజుకోవడానికి ఎవరో పై రైతు దొంగతనంగా వేసుకున్నది. అలాంటి పైపుల వల్లే మా పొలం ఎండుతుందని మా ఆయన వాళ్లను తిట్టని రోజు లేదు. ఇప్పుడు మాతో పాటే గట్టు మీద ఉరికొచ్చి, ఆ పైపునే ఒక చేత్తో పట్టుకుని కిందికి దిగాడు. తల్లి రెక్క అందుకున్నాడు. నేను కింది నుంచి భుజం పెట్టి ఎత్తాను. ఆమె మోకాళ్లు సిమెంటుకు గీరుకుపోతుంటే "అయ్యో, అవ్వా" అంటూనే పైకి చేరింది. ఆమె వెనకే నేను.

కట్ట మీద ముళ్లలోనే కూలబడ్డాం. నీళ్లతో పాటే గట్టు వెంబడి బండ్ల మీద హారన్లు కొట్టుకుంటూ రైతులు వస్తున్నారు. ఒకాయన బండి ఆపి మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

"ఏందవ్వా, గంగమ్మతోని కుస్తీ పట్టినవా? పైన వానలు మంచిగ పడ్డయి, ఎవ్వలు నీళ్లు గుంజలే. సీదా చివరి పొలాల దాకా పోతున్నయి!"

మేం నిలబడిన చోట ఇప్పుడు మనిషి లోతు నీళ్లు. పిల్ల నాయినమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వదలడం లేదు. అత్త మాత్రం కారుతున్న మోకాళ్ల రక్తం కూడా తుడుచుకోకుండా కాల్వ వైపే చూస్తోంది.

"ఇన్నేండ్లు దీని బువ్వ తిన్న," అంది మెల్లగా. "గింత బలం ఉంటదని ఇయ్యాల్నే ఎరుకైంది."

ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. చెల్లెలి గడప దాకా అలాగే పట్టుకుని నడిపించాను.

విన్నారు కదా, చల్లగా ఉండండి. మీ చివరి మడి దాకా నీళ్లు పారాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే చెయ్యి ఎప్పుడూ ఉండాలి.