తెగకుండా చూసింది

మా తోడికోడలికి పతకం ఇవ్వాలనుకుంటున్నారని తెలిసినప్పుడు మా ఇంట్లో ముందు నవ్వింది నేనే. ప్రాణాలు కాపాడిన మామూలు మనుషులకి ప్రభుత్వం ఇచ్చే పతకమట. ధైర్యానికట. ఎవరికి? బల్లి కనిపిస్తే మంచమెక్కి కూర్చునే మనిషికి. ఉరుము ఉరిమితే చెవులు మూసుకుని గోడవైపు తిరిగే మనిషికి.

ఆవిడ మా ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన కొత్తల్లో వెనకనుంచి ఎవరు పిలిచినా ఎగిరిపడేది. చేతిలో ఏముంటే అది కింద పడేది. గ్లాసులు కొని కొని విసుగెత్తి నేనే ఆవిడకి 'ఉలుకు' అని పేరు పెట్టాను. ఆ పేరు అలా అతుక్కుపోయింది. అత్తగారు అదే పిలిచారు, ఇరుగుపొరుగు అదే పిలిచారు, చివరికి ఆవిడ పనిచేసే చోట కూడా అదే. ఇక ఆవిడ మొగుడు, అంటే మా మరిది, నోట్లోంచి మాట రావాలంటే గునపం పెట్టి తవ్వాలి. ఇద్దరూ మా పక్క వాటాలోనే ఉంటారు. "ఆ వాటాలో ఉలుకుంది గానీ పలుకు లేదు" అని నేనంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

ఉలుకు పని గుడారాలూ, లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలూ కుట్టడం. పై అంతస్తులో పొడవాటి హాలు, నేలకి బోల్టులతో బిగించిన బరువైన మిషన్లు, గాలిలో ఎప్పుడూ మైనం పూసిన గుడ్డ వాసన. అక్కడ ఆవిడకో జబ్బు పట్టుకుంది. ఏ కుట్టయినా రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క గుంజు గుంజి చూడందే వదలదు. తను కుట్టినదైనా అంతే, పక్కామె కుట్టినదైనా అంతే. "ఊడితే?" అంటుంది. ఆ జబ్బు ఇంటికీ తెచ్చింది. బకెట్టు పిడి గుంజుతుంది, తలుపు గడియ గుంజుతుంది, నా చేతిసంచీ పట్టీ గుంజుతుంది. మా బట్టలారేసే తీగని రోజూ గుంజి గుంజి ఒకనాడు తెంపింది. తడిబట్టలన్నీ మట్టిపాలు. "చూశావా అక్కా, నేను అనుకుంటూనే ఉన్నా" అంది, తప్పంతా నాదైనట్టు.

ఆ మధ్యాహ్నం వాళ్ల బిల్డింగులో కింద ఉన్న పరుపుల దుకాణం అంటుకుంది. మెట్లదారంతా నల్లటి పొగ. పైన ఉన్నవాళ్లకి దిగే దారి లేదు. ఈ సంగతంతా నాకు చెప్పింది వాళ్ల కటింగ్ మాస్టారు. ఉలుకునడిగితే "పొగొచ్చింది, దిగాం" అంటుంది, అంతే.

అందరికంటే ముందు కేక పెట్టింది ఉలుకేనట. కేకలు పెడుతూనే తడిగుడ్డలు తెచ్చి తలుపు సందుల్లో కుక్కింది. వీధివైపు కిటికీకి ఊచలు లేవు. పెద్ద గుడారాలు బయటికి దించడానికని ఎప్పుడో తీసేశారు. పట్టాల అంచున కుట్టే మందపాటి నవారు చుట్ట ఒకటి నిండుగా ఉంది. ఉలుకు ఒక పట్టా నాలుగు మూలలూ కూడదీసి, మూలల్లో ఉన్న ఇత్తడి రింగుల్లోంచి నవారు దూర్చి, ఉయ్యాలలా చేసింది. రెండో కొసని మిషన్ స్టాండుకి చుట్లు తిప్పింది, బరువు స్టాండు మీద పడేలా. పట్టాలకి రింగులు కొట్టే అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ముందు ఆమెని కూర్చోబెట్టారు.

"ఇక వదులు!" అని అరిచారు వెనకనుంచి.

"ఆగండి. ముడి గుంజి చూడాలి."

"ఇందాకే చూశావు కదే!"

"అది ఇందాకటి ముడి. ఇది మళ్లీ వేసింది."

ప్రతి ఒక్కరికీ అదే తంతు. పొగ సందుల్లోంచి లోపలికి వస్తోంది, ఒకరు దగ్గుతున్నారు, ఇంకొకరు ఏడుస్తున్నారు. ఉలుకు మాత్రం ఉయ్యాల పైకి వచ్చిన ప్రతిసారీ ముడి గుంజుతుంది, రింగు గుంజుతుంది. చివరికి ఆవిడా, కటింగ్ మాస్టారూ మిగిలారు. మాస్టారు భారీ మనిషి. "నన్ను దింపితే బిల్డింగే ఒరుగుతుందమ్మా, నువ్వు దిగు" అన్నారట.

"నేను ఆ కిటికీలోంచి కిందికి చూడలేను మాస్టారూ. మీరు దిగండి" అని ఆయన్ని కూర్చోబెట్టింది. స్టాండు కిర్రుమంది గానీ నవారు నిలిచింది.

ఆవిడ మాత్రం దిగలేదు. ఫైరింజన్ వచ్చి నిచ్చెన వేసేదాకా కిటికీ కింద చతికిలబడి కళ్లు మూసుకుంది. పైకెక్కినాయన "రండమ్మా, నన్ను పట్టుకోండి" అంటే, ముందు ఆయన నడుముకున్న బెల్టు గుంజి చూసిందట. కింద జనమంతా చూస్తుండగా!

మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. అందులోనూ కళ్లు మూసుకునే ఉంది. 'ప్రాణాలకు తెగించి, అందరూ దిగేదాకా చోటు కదలని వీరవనిత' అని రాశారు. వీధిలో జనం ఆవిడకి దారివ్వడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టాయన 'మేడమ్' అన్నాడు, ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారీ అనని వాడు. ఆ తర్వాతే పతకానికి పేరు పంపారన్న కబురూ వచ్చింది, నేను నవ్వడమూ అయింది. ఆ సాయంత్రం ఉలుకు మా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అక్కా, పతకం మీద పేరు చెక్కుతారట."

"చెక్కితే?"

"ఉలుకు అని చెక్కరు కదా?"

"నీ అసలు పేరే చెక్కుతారే, పిచ్చిమొహమా."

"అదే అడుగుదామని." తలుపు గడియ ఒకసారి గుంజి చూసింది. "ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు మా అమ్మతోనే ఆఖరు. ఎక్కడైనా ఒక్కచోట చెక్కి ఉంటే బావుణ్ణు."

ఏనాడూ నాకిది కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. అప్పుడిక నాకు నవ్వు రాలేదు. ఈ పతకం దీనికి వచ్చి తీరాలి అనుకున్నాను.

విచారణకి ఆఫీసుకి రమ్మన్నారు. తోడుగా మరిది వెళితే గోడ వెళ్లినట్టే కాబట్టి నేను వెళ్లాను. అధికారి తల నెరిసిన మనిషి, కళ్లజోడు ముక్కు చివర వేలాడుతోంది. ఆయన చూపించిన కుర్చీని ఉలుకు గుంజి చూసి మరీ కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ఇది ఊరికే మంచిపని చేసినవాళ్లకి ఇచ్చేది కాదు," అన్నాడాయన. "తమ ప్రాణం పణంగా పెట్టినవాళ్లకే. మీరు ప్రాణాలకు తెగించి వీళ్లని దింపారని ఇక్కడ రాశారు. నిజమేనా?"

"లేదండీ," అంది ఉలుకు. "తెగించలేదు. ఏదీ తెగకుండా చూశాను."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఆ తెగడం కాదమ్మా. తెగించడమంటే, భయమన్నది లేకుండా ముందుకు దూకడం."

"అయితే అసలే కాదండీ. నాకు చచ్చేంత భయమేసింది."

బల్ల కింద ఉలుకు కాలు తొక్కాను. అది ఎగిరిపడి, "ఎందుకక్కా తొక్కుతావు?" అంది, పైకే.

ఆయన నావైపు చూడకుండా, "మరి ఆఖరిదాకా అక్కడే ఎందుకున్నారు?" అన్నాడు.

"కిటికీలోంచి దిగాలంటే కాళ్లాడలేదండీ."

"ముందే ఎవరో ఒకరు మిమ్మల్ని కూర్చోబెట్టి దింపేసేవారు కదా?"

"నేను దిగిపోతే ముడి ఎవరు చూస్తారండీ? వాళ్లకి ఆ ఓపిక ఎక్కడిది? గుంజకుండానే కూర్చునేస్తామంటారు."

"ముడి ఊడుతుందని భయమా?"

"అదీ భయమే. పొగంటే భయం, మంటంటే భయం, నేను అక్కడే పోతానేమోనని భయం. ఏ భయమని చెప్పమంటారు?"

"పోవచ్చని తెలుసన్నమాట."

"తెలియకపోతే భయమెందుకేస్తుందండీ?"

ఆయన తల వంచుకుని రాసుకుంటూ కూర్చున్నాడు. దీని పేరు కొట్టేశాడు, అయిపోయింది అనుకున్నాను. వీధిలోకి రాగానే అందుకున్నాను.

"ఒక్క ఊఁ అంటే నీ సొమ్మేం పోయిందే? పేరు చెక్కించుకోవాలని ఉందని నువ్వే కదా అన్నావు!"

"అన్నా. కానీ ఊఁ అంటే, రేపింకెక్కడైనా అంటుకున్నప్పుడు, ధైర్యం గలదానివి కదా అని నన్నే ముందుకి తోస్తారు."

"ఎవరు తోస్తారే నిన్ను?"

"నువ్వే తోస్తావు."

కోపంలో కూడా నవ్వొచ్చింది. కొంచెం దూరం నడిచాక నెమ్మదిగా అంది, "భయం లేనిదాన్నయితే ముడి గుంజి చూసేదాన్నా అక్కా? ఆ పేపర్లో రాసినావిడ ఎవరో నాకు తెలీదు. ఆవిడ పతకం మీద నా పేరెందుకు?"

నా చేతిసంచీ పట్టీ నేనే ఒకసారి గుంజి చూసుకున్నాను.

కొన్నాళ్లకి ఆఫీసు మనిషి వచ్చి, పతకాలిచ్చే సభకి రమ్మని చెప్పి వెళ్లాడు. మా మరిది విని "మంచిది" అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

పెద్ద హాలు. ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, వాళ్లు చేసింది చదివి, పతకం తగిలిస్తున్నారు. నదిలో దూకినవాడికీ, రైలు కింద పడబోయిన పిల్లని లాగినవాడికీ, అందరికీ 'ప్రాణాలకు తెగించి' అనే చదివారు. తర్వాత ఒక పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. హాలంతా అటూ ఇటూ చూస్తోంది. ఉలుకు కూడా మెడ సాచి ఎవరా అని చూస్తోంది!

"ఒసే ఉలుకూ, నిన్నేనే!" అన్నాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు. హాలు గొల్లుమంది.

ఆవిడ తడబడుతూ వేదిక ఎక్కింది. 'తన ప్రాణానికి ముప్పని తెలిసి, భయపడుతూనే, ముడి ఊడకుండా, నవారు తెగకుండా చూసి, తోటివారినందరినీ క్షేమంగా దింపినందుకు' అని చదివారు. తెగించి అన్న మాటే లేదు. ఆ కళ్లజోడు అధికారి ముందువరసలో కూర్చుని, తనకేమీ తెలియనట్టు పైకప్పు చూస్తున్నాడు.

వేదిక మీది పెద్దమనిషి పతకం తగిలించి చేతులు వెనక్కి తీసుకున్నాడో లేదో, ఉలుకు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. రిబ్బను గుండెమీద ఉండిపోయింది, పతకం చేతిలోకి వచ్చేసింది.

"నేను అనుకుంటూనే ఉన్నానండీ," అంది ఆయనతో.

ఇంటికొచ్చి గుడారాలు కుట్టే దారంతో దాన్ని కుట్టింది. తర్వాత నా దగ్గరికి తెచ్చి, "పేరు చదువక్కా" అంది.

"నీకు చదవడం రాదా?"

"వచ్చు. నువ్వు చదువు."

నా చదువు అంతంత మాత్రం. చెక్కిన అక్షరాలేమో చీమల్లా ఉన్నాయి. వెలుతురుకి పట్టుకుని, కూడబలుక్కుని, పైకి చదివాను.

"ఊఁ," అని పలికింది.

మా మాటలు వినపడ్డాయో ఏమో, పక్క వాటాలోంచి మరిది వచ్చి దాని వెనక నిలబడి, అదే పేరు పెట్టి పిలిచాడు. ఉలుకు ఒక్క ఎగురు ఎగిరింది. పతకం చేతిలోంచి జారి గచ్చు మీద ఖంగుమని పడింది. ముగ్గురం వంగాం. ముందు దొరికించుకుంది అదే. గుంజి చూసింది. కుట్టు ఊడలేదు.